వంటింటి చెత్త: రోగమా, ఎరువా?

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యటంలేదు.

"డాక్టరుగారికి నమస్కారాలు. మా వీధిలోకి చెత్తబండి వస్తుంది. తడిచెత్త వేరుగా, పొడిచెత్త వేరుగా ఇమ్మంటారు. రెండు రోజులు బండి రాకపోతే ఇల్లంతా ఒకటే వాసన. వంటింటి చెత్తను కుండలో వేసి ఎరువు చేసుకోవచ్చని ఎవరో చెబితే ఒక పాత కుండ సంపాదించి మొదలుపెట్టాను. మా అత్తగారు ఒప్పుకోవటంలేదు. 'ఇంట్లో పెంట నిలవ పెడితే దోమలు పుడతాయి, పిల్లలకు జ్వరాలొస్తాయి, అవతల పారబొయ్యి' అంటున్నారు. మా రెండోవాడికి ఉబ్బసం వుంది. నాకూ లోపల భయంగానే వుంది. కుండ వుంచమంటారా, తీసెయ్యమంటారా?"

అమ్మా, కుండ వుంచండి. అయితే మీ అత్తగారి మాటను పూర్తిగా కొట్టిపారెయ్యవద్దు. ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజం వుంది. ఏ సగమో తెలుసుకుంటే మీ ఇద్దరికీ తగవు వుండదు.

ముందు దోమల సంగతి. దోమ గుడ్డు పెట్టటానికి నిలవనీరు కావాలి. కుళ్ళుతున్న తొక్కల్లో దోమ పుట్టదు. డెంగీ జ్వరాన్ని మోసుకొచ్చే దోమ మరీ షోకైనది. దానికి మురుక్కాలువ కూడా పనికిరాదు, కాస్త తేటనీరు కావాలి. మీ కుండ పక్కన బోర్లించకుండా వదిలేసిన కొబ్బరిచిప్ప, పూలకుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనకాల నీళ్ళు కారే ట్రే, మేడమీద పడేసిన పాత టైరు, ఇవీ దాని పురిటిగదులు. గుడ్డు నుంచి రెక్కల దోమ రావటానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి నీళ్ళన్నీ పారబొయ్యమని ఆరోగ్యశాఖవారు పోరుతుంటారు. ఒట్టినే పారబోస్తే చాలదు, పాత్ర లోపలి అంచును పీచుతో రుద్దాలి. ఆ దోమ గుడ్లు అంచుకు అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ వాన పడగానే పొదుగుతాయి. కనుక దోమల విషయంలో మీ కుండ నిర్దోషి. దాని మూతలో నీళ్ళు నిలవకుండా చూసుకోండి, అంతే.

ఈగల విషయం మాత్రం వేరు. ఇక్కడ మీ అత్తగారిదే పైచేయి. ఈగ కుళ్ళే పదార్థం మీద ఒక్క విడతలో నూరు పైచిలుకు గుడ్లు పెడుతుంది. మన ఎండలకు ఒక్కరోజులో అవి పురుగులవుతాయి, వారం పది రోజుల్లో ఈగలై లేస్తాయి. ఆ ఈగ పెంట మీద వాలి, వచ్చి మీ అన్నం మీద వాలుతుంది. కాళ్ళకు అంటిన సూక్ష్మజీవులను దించటమే కాదు, తిన్నదాన్ని కాస్త కక్కి మరీ తింటుంది. విరేచనాలు, టైఫాయిడ్ లాంటివి ఈ దారిన కూడా వస్తాయి. కాబట్టి మూతలేని బుట్టలో మూడురోజులు మురిగిన చెత్త ప్రమాదమే. కాని ఎరువుకుండ అంటే మురిగిన చెత్తబుట్ట కాదు. అది సరిగా నడుస్తుంటే దానిమీద ఈగ వాలదు, ఎందుకంటే వాలటానికి దానికి తడిచెత్త కనబడదు. పైన ఎప్పుడూ ఎండాకు కప్పి వుంటుంది.

అసలు ఈ విద్య మనకు కొత్తది కాదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో దొడ్డివాకిట్లో కుడితితొట్టి వుండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు అందులోకి, అక్కడినుంచి గేదె కడుపులోకి. గేదె తిననివి, పేడ, ఊడ్చిన ఆకులు పెంటకుప్పకు. వేసవిలో బండికెత్తి పొలానికి తోలేవారు. బయట పారెయ్యటానికి ఇంట్లో ఏమీ మిగిలేది కాదు. చిరిగిన చీర బొంత అయ్యేది, బొంత చివికితే మసిగుడ్డ అయ్యేది. ఇదంతా చెప్పి ఆ రోజులే మంచివని అనబోవటంలేదు. ఆ పెంటకుప్ప పక్కనే బావి వుండేది, ఏటా ఏదో ఒక ఇంట్లో వాంతులు విరేచనాలు వుండేవి. విద్య మంచిదే, చోటు మంచిది కాదు.

ఈ పనిని శాస్త్రంగా నిలబెట్టింది కూడా మన దేశంలోనే. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో వుండి, మన రైతులు పేడ, చెత్త కలిపి ఎరువు చేసే తీరును గమనించి, దానికి కొలతలు పెట్టి ఇండోర్ పద్ధతి అని ప్రచారం చేశాడు. ఆయన కనిపెట్టినదాని సారం ఒక్కటే: చెత్తకు గాలి తగలాలి. గాలి తగిలితే ఒక రకం సూక్ష్మజీవులు పనిచేస్తాయి, వాసన లేకుండా మట్టి అవుతుంది. గాలి తగలకపోతే మరో రకం పనిచేస్తాయి, కుళ్ళి కంపు కొడుతుంది. ఉత్తరం రాసిన సోదరి ఇంట్లో రెండురోజులకే ఇల్లంతా వాసన పట్టటానికి కారణం ఇదే. ప్లాస్టిక్ సంచీలో తడిచెత్త వేసి బిగించి ముడివేస్తే అందులో గాలి ఎక్కడిది?

ఇక కుండ పెట్టే విధానం. మా ఇంట్లో నలుగురం. ఒక వారంపాటు చెత్తను తూకం వేసి చూశాను (మా ఇంటావిడ నవ్వింది, నవ్వనీయండి). రోజుకు ముప్పాతిక కిలో నుంచి కిలో దాకా తేలింది, మామిడిపళ్ళ రోజుల్లో ఇంకా ఎక్కువ. ఇంతమందికి రెండు పెద్ద మట్టికుండలు కావాలి, ఒకటి నిండుతుంటే ఒకటి మాగుతుండాలి. కుండ చుట్టూ వేలు పట్టేంత కన్నాలు నాలుగైదు వరసలు, అడుగున రెండు మూడు. కుమ్మరి దగ్గర చెబితే పచ్చిగా వున్నప్పుడే వేసిస్తాడు. కాలిన కుండకు మనం వెయ్యబోతే పగులుతుంది. కన్నాలకు లోపలివైపు పాత దోమతెర గుడ్డ అంటిస్తే ఎలుకపిల్లలూ, ఈగలూ దూరవు. కింద రెండు ఇటుకలు, పైన బరువైన మూత, ఎండ వాన తగలని చోటు.

అడుగున బెత్తెడు మందాన కొబ్బరిపీచో ఎండాకులో పరవండి. దానిమీద పాత ఎరువు రెండు దోసిళ్ళు, అది లేకపోతే పుల్లమజ్జిగ ఒక గ్లాసుడు చిలకరించండి. పేడనీళ్ళు కూడా పనిచేస్తాయిగాని చేతులకు తొడుగు వేసుకుంటే తప్ప నేను సలహా ఇవ్వను. పేడలోను మట్టిలోను ధనుర్వాతం కలిగించే క్రిములుంటాయి, వేలికి చిన్న గాటు చాలు. తర్వాత రోజూ వంటింటి చెత్త నీళ్ళు వడగట్టి, పెద్ద ముక్కలను చిన్నవిగా తుంచి వెయ్యండి. ఒక దోసెడు తడిచెత్త వేస్తే దోసెడున్నర, రెండు దోసిళ్ళ ఎండాకు పైన కప్పండి. ఈ కప్పటమే ప్రాణం. చెత్తను మట్టి చేసే సూక్ష్మజీవులకు కూడా మనకు అన్నం, పప్పు వున్నట్టు రెండు రకాల తిండి కావాలి. పచ్చి తొక్కల్లో నత్రజని, ఎండాకులో కార్బన్. నత్రజని ఒక పాలుంటే కార్బన్ 30 పాళ్ళ చిల్లర వుంటే వాటికి బాగా పడుతుంది. మీరు త్రాసు తీసుకుని కూర్చోనక్కరలేదు, ముక్కే త్రాసు. కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తే నీరెక్కువై గాలి చాలలేదన్నమాట, ఎండాకు కలిపి తిరగెయ్యండి. ముక్కులోకి ఘాటుగా కొడుతుంటే పచ్చిది ఎక్కువైంది, అప్పుడు కూడా ఎండాకే మందు. చీమలు పడితే మరీ పొడిగా వుంది, నీళ్ళు చిలకరించండి. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేటంత తడి చాలు.

వారానికొకసారి కర్రతో అడుగుదాకా తిరగెయ్యండి. తెల్లపురుగులు కనబడి చాలామంది హడలిపోయి కుండ ఎత్తి పారేస్తారు. అవి మనుషులను పట్టే పురుగులు కావు, చెత్త తినటమే వాటి వృత్తి. ఎండాకు మందంగా కప్పితే వాటంతట అవే తగ్గుతాయి. కుండ నిండాక నలభై అయిదు నుంచి అరవై రోజులు వదిలెయ్యండి. అయిందని ఎలా తెలుస్తుందంటారా? తొక్క ఏదో, కాడ ఏదో ఆనవాలు వుండదు, నల్లగా పొడిపొడిగా వుంటుంది, తొలకరి వాన పడ్డ మట్టివాసన వస్తుంది. జల్లెడ పట్టి, మిగిలిన మామిడి టెంకలు, మునక్కాడ పీచు మళ్ళీ కొత్త కుండలో వెయ్యండి.

కాఫీపొడి పిప్పి, చింతపండు పిప్పి, కరివేపాకు రెబ్బలు, అరటి తొక్కలు, గుడ్డు పెంకులు, దేవుడికి పెట్టిన పూలు, అన్నం తిన్న విస్తరాకు, అన్నీ వెయ్యవచ్చు. విస్తరికి ప్లాస్టిక్ పొర లేకుండా చూసుకోండి, ఈమధ్య ఆకులా కనబడేదంతా ఆకు కాదు. పూలదండలోని దారం తీసెయ్యండి. మిగిలిన అన్నం కొద్దిగా అయితే ఫరవాలేదు. సాంబారు, పులుసు గుమ్మరించకండి. మాంసం, చేపల పొలుసులు, ఎముకలు మాత్రం కుండలో వద్దు. పిల్లులూ ఎలుకలూ మీ ఇంటి చిరునామా కనుక్కుంటాయి. దొడ్డి వున్నవారు అడుగున్నర గొయ్యి తీసి పాతిపెట్టవచ్చు.

ఇంకొక మాట, ఇది వైద్యుడిగా చెప్పేది. ఊరి చెత్తంతా ఒకచోట గుట్టపోసి ఎరువు చేసేచోట గుట్ట లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. చెయ్యి పెట్టలేము. ఆ వేడి కొన్నాళ్ళు నిలిస్తే రోగక్రిములు చాలావరకు చస్తాయి. మన ఇంటి కుండ చిన్నది, అంత వేడి పుట్టదు. కాబట్టి కుక్క, పిల్లి మలం, పసిపిల్లల డయపర్లు, జబ్బు మనిషి కక్కిన గుడ్డలు ఎరువుకుండలోకి రాకూడదు. ఎరువు వేసిన మడిలోని కొత్తిమీర, టమాటా పచ్చిగా తినేటప్పుడు శుభ్రంగా కడగండి. కుండ తిరగేసిన చేతులు సబ్బుతో కడుక్కోండి. చక్కెరవ్యాధి వుండి అరికాళ్ళు మొద్దుబారినవారు వట్టి కాళ్ళతో ఆ పనికి పోవద్దు. గాజుపెంకు దిగినా వారికి తెలియదు.

ఇక రెండో అబ్బాయి ఉబ్బసం. చెత్త మట్టిగా మారటంలో బూజుకు పెద్ద పాత్ర వుంది. ఎండిన ఎరువును కలిపినా, జల్లెడ పట్టినా బూజు రేణువులు పొడిలా లేస్తాయి. ఉబ్బసం వున్నవారికి అవి పీల్చితే ఆయాసం రావచ్చు. అందుచేత ఆ పని బాబు బడికి వెళ్ళాక, గాలాడే చోట, కాస్త నీళ్ళు చిలకరించి, ముక్కుకు గుడ్డ కట్టుకుని చెయ్యండి. కుండ పడకగది కిటికీ కింద వుంచవద్దు. ఇంతకుమించి భయపడనక్కరలేదు. నిజానికి మీ బాబు ఊపిరికి అసలు శత్రువు మరొకటి వుంది. పొద్దున్నే వీధి చివర ఎవరో ఒకరు ఎండాకులూ, పాలకవర్లూ, చెప్పుల ముక్కలూ కలిపి అంటిస్తారు చూడండి, అది. ప్లాస్టిక్ సన్నటి సెగ మీద కాలితే, ముఖ్యంగా పైపులకూ వైర్లకూ వాడే రకం కాలితే, డయాక్సిన్లనే విషాలు పుడతాయి. అవి ఒంట్లోని కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి కదలవు. ఆ పొగకు ఉబ్బసం పిల్లలు ఆ పూటే మా ఆస్పత్రికి వస్తారు. బయట చెత్త తగలబెట్టినవారికి అయిదు వేలు, పెద్ద ఎత్తున తగలబెడితే ఇరవై అయిదు వేలు జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. వీధిలో ఎండాకు తగలబెట్టేవారు కనబడితే తగాదా పడకండి, "ఆ ఆకు నా కుండకు కావాలండీ, ఇవ్వండి" అని సంచీ పట్టుకెళ్ళండి. నేను అలాగే చేస్తున్నాను.

పొడిచెత్త గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అది మనవాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. పాత పేపర్లవాడు, ఖాళీ సీసాలవాడు, పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ మనకు ఎప్పటినుంచో వున్నారు. పాలకవరు కడిగి ఆరబెట్టి ఇవ్వండి. కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంచకుండా కవరుకే వేలాడనివ్వండి. ఆ చిన్న ముక్క విడిపోతే ఇక దొరకదు, కాలవకు పోతుంది. తిండి మిగులు వేసి ముడికట్టిన కవరును ఆవు కవరుతో సహా మింగుతుంది. కుప్ప మీద తిండి దొరికితే కుక్కలు చేరతాయి. వాటి వెనక కుక్కకాట్లూ, ఆ సూదిమందుకోసం మా దగ్గర క్యూలూ.

అయితే తిరిగి వాడటంలో కొన్ని పొదుపులు ప్రాణం మీదికి తెస్తాయి. కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలు, ఫినాయిలు, బాత్‌రూము కడిగే యాసిడ్ పోసి వుంచే అలవాటు ఇంకా చాలా ఇళ్ళల్లో వుంది. దాహమేసిన మూడేళ్ళ పిల్లవాడికి సీసా తెలుస్తుందిగాని లోపల వున్నది తెలియదు. నా ఉద్యోగంలో ఇలాంటి కేసులు చూడని సంవత్సరం లేదు. పొరపాటున తాగితే వాంతి చేయించవద్దు. కిరసనాయిలు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి, ఆ సీసా కూడా తీసుకురండి. అలాగే పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా నూనెకూ నీళ్ళకూ వాడవద్దు. పాత పేపరులో మిరపకాయ బజ్జీలు కట్టివ్వటం కూడా మంచిది కాదు. వేడినూనెకు సిరా కరిగి బజ్జీకి పడుతుంది. ఆహార భద్రతా సంస్థవారు 2016లో దీనిమీద హెచ్చరిక చేశారు. పత్రిక చదవటానికి, ఆనక పాత పేపర్లవాడికి.

నేను హౌస్ సర్జన్‌గా వున్న రోజుల్లో, 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు అన్నారు. ఆ ఊళ్ళో మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళు చాలామంది. రైళ్ళు పట్టుకుని జనం చెల్లాచెదురయ్యారు, దేశమంతా టెట్రాసైక్లిన్ మాత్రలకోసం మందులషాపుల మీద పడ్డారు. వరదకు మురిగి, ఎత్తకుండా పేరుకుపోయిన చెత్త, దానిమీద బతికే ఎలుకలు అప్పుడు అందరి నోళ్ళలో పడ్డాయి. మరుసటి సంవత్సరం ఎస్.ఆర్. రావు అనే మునిసిపల్ కమిషనరు వచ్చి రోజూ చెత్త ఎత్తించి ఆ ఊరి రూపం మార్చారు. ప్లేగు మళ్ళీ రాకపోవచ్చుగాని ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఏటా వానాకాలంలో వస్తూనే వుంది. జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళెర్రబడటం, కొందరికి కామెర్లు. చెప్పుల్లేకుండా మురికినీళ్ళలో దిగేవారికి ఎక్కువ. అంటే ఎవరికి? మన చెత్త ఎత్తేవారికి.

ఇక్కడికి వచ్చాను గనుక నేను చాలారోజులుగా రాయాలనుకుంటున్న సంగతి రాస్తాను. తడి, పొడి అని రెండే బుట్టలంటారు అందరూ. మూడోది వుంది, అదే అన్నిటికన్నా ముఖ్యమని నాకు తెలిసిరావటానికి ఒక మనిషి వేలికి సూది దిగవలసి వచ్చింది.

రెండేళ్ళ క్రిందట ఒక ఉదయం ఓపీకి పారిశుధ్య పనిచేసే ఒకామె వచ్చింది. చూపుడువేలికి చీరకొంగు చుట్టుకుని వుంది. "చెత్త కవరు విప్పుతుంటే సూది గుచ్చుకుందయ్యా. ఏమీ కాదని పంపేస్తారేమోనని ఇది కూడా తెచ్చాను" అని ఒక కాగితప్పొట్లం విప్పింది. లోపల ఇన్సులిన్ సిరంజి. ఎవరింటిదో తెలియదు. తొక్కలు, అన్నం, పాలకవర్లు, సిరంజి, అన్నీ ఒకే ముడిలో కట్టి ఇచ్చారు. తడిచెత్త వేరుచెయ్యటానికి ఆమే ఆ ముడి విప్పింది. మనం చెయ్యని పని ఆమె చేతులతో చేస్తుంటే గుచ్చుకున్నదన్నమాట.

సూది గుచ్చుకుంటే ఏమవుతుందని తేలిగ్గా తీసుకోకండి. రోగి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే, టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బి సోకే అవకాశం నూటికి ముప్పై దాకా వుంటుంది. ఎయిడ్స్ క్రిమి అయితే వెయ్యికి మూడు. రెండోది చిన్న లెక్కే, కాని గుచ్చుకున్న మనిషికి అది లెక్క కాదు, ఆరునెలల నిద్ర. గుచ్చుకోగానే ధారగా కారే నీళ్ళకింద సబ్బుతో కడగాలి. వేలు పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిట్ పొయ్యకూడదు. వెంటనే ఆస్పత్రికి రావాలి. ఎయిడ్స్ రాకుండా ఇచ్చే మందులు గంటల్లో మొదలుపెడితేనే ఫలితం, 72 గంటలు దాటితే ప్రయోజనం వుండదు. మొదలుపెడితే 28 రోజులు మింగాలి. ఆమెకు అన్నీ మొదలుపెట్టాం. ఆమె హెపటైటిస్ టీకా ఎన్నడూ వేసుకోలేదు. అదీ వేశాం, ధనుర్వాతం టీకా కూడా వేశాం. ఆ మందులకు మొదటివారం వాంతులతో ఆమె పనిలోకి రాలేకపోయింది.

ఆరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. మా అమ్మకు పదేళ్ళనుంచి ఇన్సులిన్. నేనే వేస్తాను, నేను లేకపోతే మా అబ్బాయి వేస్తాడు. వేసిన సిరంజి ఏంచేస్తున్నామో అంతవరకు నేను ఎన్నడూ ఆలోచించలేదు. వంటింటి చెత్తబుట్ట మూత తీసి చూశాను. బెండకాయ తొడిమల మధ్య పొద్దుటి సిరంజి వుంది. ఆస్పత్రిలో సూదులు ఏ రంగు డబ్బాలో వెయ్యాలో నర్సులకు పాఠాలు చెప్పేవాణ్ణి నేను. ఆమె వేలికి గుచ్చుకున్నది మా ఇంటిది కాదని రుజువు చెయ్యటానికి నా దగ్గర ఏమీ లేదు. మా వీధికీ ఆ బండే వస్తుంది.

వాడిన సూదులు, కాలం చెల్లిన మందులు, బ్యాటరీలు, పగిలిన ధర్మామీటర్లు, ట్యూబులైట్లు, పురుగుమందు డబ్బాలు వేరుగా ఇవ్వాలని 2016లో కేంద్రప్రభుత్వం చేసిన ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. శానిటరీ న్యాప్‌కిన్లు, డయపర్లు కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వాలని కూడా వాటిలో చెప్పారు. నేను చదివి వుండవలసింది.

మీ ఇంట్లో ఇన్సులిన్ వేసుకునేవారుంటే ఇవాళే ఈ పని చెయ్యండి. బట్టలసబ్బు ద్రావకం వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసా, మరమూత వున్నది, ఒకటి ఖాళీ చెయ్యండి. నీళ్ళసీసా వద్దు, పల్చన, సూది బయటికి పొడుచుకొస్తుంది. ఇన్సులిన్ వేసిన వెంటనే సూదిని ఆ సీసాలో వెయ్యండి. చక్కెర పరీక్షకు వేలు గుచ్చుకునే చిన్న సూదులు కూడా అందులోకే. సీసా మీద పెద్ద అక్షరాలతో "సూదులు" అని తెలుగులో రాయండి. పిల్లలకందని ఎత్తులో పెట్టండి. ముప్పాతిక నిండగానే మూత బిగించి, పైన టేపు చుట్టి, దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రిలోనో, మీరు చూపించుకునే డాక్టరుగారి దగ్గరో అడిగి ఇవ్వండి. చెత్తబండిలో ఇలాంటివాటికి ప్రత్యేకం డబ్బా వుంటే చేతికిచ్చి చెప్పి మరీ ఇవ్వండి. బ్లేడు, పగిలిన గాజు మందపాటి కాగితంలో చుట్టి పైన రాసి ఇవ్వండి. గవ్వల్లాంటి చిన్న బ్యాటరీలకు టేపు అంటించి దాచండి, పిల్లలు మింగితే గంటల్లో గొంతు కాలుతుంది. కాలం చెల్లిన మాత్రలు మరుగుదొడ్లో పొయ్యవద్దు, అవి కూడా ఈ మూడో బుట్టవే.

ఆమె మూడునెలలకూ, ఆరునెలలకూ పరీక్షలకు వచ్చింది. ఏమీ సోకలేదు. ఆఖరు రిపోర్టు చెప్పినరోజు టీకా మూడో మోతాదు కూడా వేయించాను. వెళుతూ వెళుతూ, "మా బండిమీద చేసే మరో ఎనిమిదిమందికి కూడా వేస్తారా సారూ, ఎవరికీ లేవు" అని అడిగింది. మర్నాడు వాళ్ళను తీసుకురమ్మన్నాను. ఏడుగురే వచ్చారు. ఎనిమిదో అతనికి సూదంటే భయమట.

మా అమ్మ ఇప్పుడు సిరంజి వేశాక తనే సీసా అందుకుంటుంది. మొన్న పొద్దున్న, "ఇది నిండొచ్చింది, ఇంకోటి తెచ్చిపెట్టరా" అంది. మా ఆవిడ బట్టలసబ్బు ద్రావకం ఇంకా సగం వుందంటోంది. మా పక్కింటివారిని అడగాలి.